వల్కన్ వీపు వైపు

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరానికి దక్షిణాన ఎర్రకొండ ఉంది. కొండ మీద వల్కన్ నిలబడి ఉంటాడు. రోమన్ల కమ్మరి దేవుడు, 56 అడుగుల పోత ఇనుప విగ్రహం. 1904లో సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగితే, తమ ఇనుము గొప్ప చాటుకోవడానికి ఈ ఊరివాళ్లు పోతపోయించి పంపారు. కమ్మరి గనక ముందువైపు తోలుగుడ్డ కట్టారు. వెనకవైపు ఏమీ కట్టలేదు. ముఖం నగరం వైపు ఉంటుంది. కొండకి ఆవల ఉన్న హోమ్‌వుడ్ వాళ్లకి కనిపించేది ఆ రెండోవైపు. దాని మీద అక్కడ జోకులకి లోటు లేదు.

"అత్తయ్యగారూ, ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే. వల్కన్ ముఖం వైపా, వీపు వైపా?" అన్నాడు మా అల్లుడు. మర్యాదస్తుడు కాబట్టి వీపు అన్నాడు.

మా అమ్మాయికి అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రిలో ఉద్యోగం. మనవరాలికి నాలుగు నిండాయి. అద్దె అపార్ట్‌మెంట్ ఖాళీచేసి ఇల్లు కొనుక్కుందామనుకున్నారు. నేను ఆరు నెలల కోసం వెళ్లినదాన్ని. ముప్ఫయ్యేళ్లు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండు కావ్యాలు పక్కపక్కన పెట్టి చూడటం తప్ప నాకు వేరే విద్య రాదు. అందుకని రెండు పేటలు పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకటి క్రెస్ట్‌వుడ్, కొండకి ఇవతల, బర్మింగ్‌హామ్ నగరంలో. రెండోది ఎడ్జ్‌వుడ్, కొండకి అవతల, హోమ్‌వుడ్‌లో.

ఈ రెండే ఎందుకంటే, పోలిక ఉన్నచోటే తేడా తెలుస్తుంది. మేడకీ గుడిసెకీ తేడా చెప్పడానికి విమర్శకులు అక్కర్లేదు. మౌంటెన్ బ్రూక్ అనే మహా సంపన్నుల ఊరిని అందుకే వదిలేశాను. అక్కడ ఇల్లు కొనే స్తోమత మా వాళ్లకి లేకపోవడం కూడా ఒక కారణమే అనుకోండి. క్రెస్ట్‌వుడ్, ఎడ్జ్‌వుడ్ మాత్రం అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. రెండింట్లోనూ 1920ల నాటి చిన్న ఇళ్లు కనిపిస్తాయి, ముందు వసారా, వసారాలో గొలుసులతో వేలాడే ఊయల బల్ల, వీధికి గొడుగు పట్టే ముసలి ఓక్ చెట్లు. క్రెస్ట్‌వుడ్‌లో వీటి పక్కనే 1950ల నాటి పొడవాటి ఒంటి అంతస్తు ఇళ్లు ఎక్కువ. రెండు చోట్ల నుంచీ ఆస్పత్రికి కారులో దాదాపు ఒకే దూరం. మార్చి నెలలో రెండు చోట్లా కార్ల మీద ఒకేలా పసుపు రాసినట్టు పైన్ చెట్ల పుప్పొడి. ధర మాత్రం ఎడ్జ్‌వుడ్‌లో చాలా ఎక్కువ. అంతే గదులు, అంతే వయసు, అదే ఇటుక, అయినా కొండ దాటేసరికి ఆ ఇల్లు ఇంకెవరి ఇల్లో అయిపోతుంది.

ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలంటే ముందు పొగ గురించి చెప్పాలి. 1871లో రెండు రైలు మార్గాలు కలిసే చోట పుట్టిన ఊరు ఇది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ చుట్టుపక్కలే దొరికాయి. కొలుములు లేచాయి. ఊరు ఎంత వేగంగా పెరిగిందంటే దాన్ని మాయానగరం అన్నారు. పొగ లోయలో ఉండిపోయింది, డబ్బున్నవాళ్లు కొండెక్కారు, ఇంకా ఉన్నవాళ్లు కొండ దాటారు. 1920లలో హాలీవుడ్ అనే పేరుతో కొండ అవతల స్పానిష్ తరహా ఇళ్లు కట్టి అమ్మినవాళ్లు తమ ప్రకటనల్లో అమ్మిందే అది: పొగ వదిలి మంచి గాలిలోకి రండి అని. ఎడ్జ్‌వుడ్ దీనికంటే కాస్త పాతది. స్థలాలు అమ్ముకోవడానికి అక్కడికి ట్రామ్ బండి వేశారు, ఒక చెరువు తవ్వించారు. చెరువుని తరవాత ఎండగట్టేశారు. చెరువుగట్టు అన్న అర్థంలో లేక్‌షోర్ డ్రైవ్ అనే పేరు మాత్రం రోడ్డుకి మిగిలిపోయింది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ అని బస్సు కండక్టరు అరుస్తుంటే ఏ ట్యాంకూ కనబడని మనకి ఇది వింత కాదు.

1926లో ఎడ్జ్‌వుడ్, రోజ్‌డేల్, గ్రోవ్ పార్క్ కలిసి హోమ్‌వుడ్ మునిసిపాలిటీ అయ్యాయి. అదే 1926లో కొండకి ఇవతల బర్మింగ్‌హామ్ నగరం జోనింగ్ చట్టం చేసింది. ఏ వీధిలో తెల్లవాళ్లు ఉండాలో, ఏ వీధిలో నల్లవాళ్లు ఉండాలో అందులో రాసుకుంది. ఇలాంటి చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1917లోనే చెప్పింది, అయినా రాసుకుంది. ఈ రెండు సంఘటనలూ ఒకే ఏడాదివి కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ విమర్శకులకి ఇలాంటి యాదృచ్ఛికాలంటే మక్కువ, నేనూ మినహాయింపు కాదు. ఒకచోట గీత చట్టంలో గీశారు. ఇంకోచోట గీత ఊరి పొలిమేరగా గీశారు. మొదటి గీతని కోర్టు చెరిపేసింది. రెండోది ఇప్పటికీ ఉంది, దాని మీదే ఇళ్ల ధరలు కూర్చున్నాయి.

పొలిమేర ఒక్కటే అయితే ఇంత బరువు మోసేది కాదు. బడి దాని మీద ఎక్కింది. బడుల్లో జాతి వివక్ష చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, కౌంటీ బడుల నుంచి ఒక్కొక్క ఊరూ విడిపోయి సొంత బడుల వ్యవస్థ పెట్టుకుంది. 1959లో మౌంటెన్ బ్రూక్, 1970 ప్రాంతంలో హోమ్‌వుడ్, వెస్టావియా హిల్స్, 1988లో హూవర్. ఇదేదో పాత చరిత్ర అనుకోవడానికీ వీల్లేదు. గార్డెన్‌డేల్ అనే ఊరు ఇలాగే విడిపోతానంటే, అందులో జాతి ఉద్దేశం ఉందని 2017లో ఫెడరల్ జడ్జి చెప్పారు, 2018లో పై కోర్టు ఆ విడిపోవడాన్నే ఆపేసింది. ఈలోగా బర్మింగ్‌హామ్ చిక్కిపోయింది. 1960లో 3,40,887 మంది ఉన్న నగరంలో 2020 నాటికి 2,00,733 మంది మిగిలారు. 1967లో మునిసిపాలిటీ అయిన హూవర్‌లో 92,606 మంది ఉన్నారు.

ఇదంతా ఆ రెండు వీధుల్లో కనిపిస్తుందా? కనిపిస్తుంది, పొద్దున్నే ఏడున్నరకి వెళ్లి నిలబడితే. ఎడ్జ్‌వుడ్‌లో ఆ వేళకి కాలిబాటల మీద పిల్లలు. వీపున బ్యాగులు, చేతిలో ఏదో కొరుకుతూ, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నడిచి బడికి వెళ్తారు. అమెరికాలో నడిచి బడికెళ్లే పిల్లల్ని నేను చూసింది అక్కడే. ఇళ్ల ముందు గడ్డిలో తమ పిల్ల బడి బ్యాండులో వాయిస్తుందని గుర్తు బోర్డులు పాతుకుంటారు. కొత్తగా కట్టిన వెనక గదులు ఇంటిని మింగేసి, ముందు చిన్న వసారా ఒక్కటే 1920ల ముఖంగా మిగిలిన ఇళ్లు వీధికి నాలుగైదు ఉంటాయి. ఊరు బాగుంది. బాగుండటమే దాని వృత్తి అన్నంత బాగుంది. రెండు వారాలు తిరిగాక ఏ ఇల్లు ఎవరిదో నాకు గుర్తుండటం మానేసింది.

క్రెస్ట్‌వుడ్‌లో అదే ఏడున్నరకి కనిపించేవి పసిపిల్లల తోపుడుబళ్లు, కుక్కలు. స్కూలు బ్యాగులు తక్కువ. పిల్లకి ఐదు నిండే వేళకి ఇల్లమ్మి కొండ దాటేయడం అక్కడి జంటలకి మామూలే. పోనివాళ్లు ప్రత్యేక ప్రవేశాలుండే ప్రభుత్వ బడులకో, చార్టర్ బడులకో దరఖాస్తులు పట్టుకుని తిరుగుతారు, లేదా ఫీజులు కట్టి ప్రైవేటుకి పంపుతారు. కానీ ఆ వీధికి మాట ఉంది. ఒక ఇంటి ముందు ఇంద్రధనుస్సు జెండా, పక్కింట్లో చర్చి బోర్డు, ఆ పక్కన రంగు వేసి ఏళ్లయిన ఇల్లు, దాని వసారాలో రోజూ నన్ను పలకరించే ఒక పెద్దాయన. రాత్రి గూడ్స్ బండి కూత లోయంతా వినిపిస్తుంది. సామర్లకోట స్టేషన్ దగ్గర పెరిగినదాన్ని, నాకు ఆ కూత జోలపాట. అమ్మాయికి అదే పెద్ద అభ్యంతరం. పక్కనే అవొండేల్ పార్కు. 1913 నుంచి 1934 దాకా ఆ పార్కులో మిస్ ఫ్యాన్సీ అనే ఏనుగు ఉండేది. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేది, అప్పుడప్పుడు తప్పించుకుని వీధుల్లోకి వెళ్లిపోయేదట. ఇప్పుడు ఆ పేట బీరు సీసా మీద దాని బొమ్మ. ఏనుగు ఒకప్పుడు తప్పిపోయి మీ ఇంటి ముందుకొచ్చిందని చెప్పుకోగల వీధికీ, ఇంటి ధర గత ఏడాది ఎంత పెరిగిందో చెప్పుకునే వీధికీ కథల లెక్కన పోటీయే లేదు.

ఇంకొకటి కూడా క్రెస్ట్‌వుడ్ వైపు వేసుకోవాలి. బర్మింగ్‌హామ్ నగరం 1970ల నుంచి 99 పేటలుగా విభజించుకుని ఉంది, ప్రతి పేటకీ ఎన్నికైన అధ్యక్షులుంటారు. నేనొక సమావేశానికి వెళ్లి వెనక కూర్చున్నాను. వీధి దీపం గురించి గంటన్నర. ఓపిక పరీక్షించే గంటన్నరే. కానీ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే గదిలో ఒకే దీపం గురించి పోట్లాడుకోవడం నేను ఆ ఊళ్లో ఇంకెక్కడా చూడలేదు.

ఇక మన తూకాలు. అమ్మాయి ఫోనులో బడులకి పదికి ఇన్ని అని మార్కులిచ్చే సైటు ఒకటుంది. ఎడ్జ్‌వుడ్ బడి మార్కుకీ ఇవతలి బడుల మార్కులకీ చాలా దూరం. ముప్ఫయ్యేళ్లు పేపర్లు దిద్దినదాన్ని, మార్కు అంటే నాకు గౌరవం ఉంది, దాని పరిమితీ తెలుసు. పరీక్ష మార్కుల్లో పెద్ద వాటా పిల్లల ఇంటి స్థితిది. పంతులమ్మ ప్రతిభ ఆ అంకెలో ఎంతుందో విడదీసి చూపించరు. అంటే ఆ అంకె చెప్పేది సగం బడి గురించి, సగం ఆ వీధిలో ఇల్లు కొనగలిగినవాళ్ల గురించి. ఈ మాట అమ్మాయితో అన్నాను. "నిజమే అమ్మా, కానీ నా కూతుర్ని పెట్టి ఆ సిద్ధాంతం పరీక్షించనా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇళ్లు చూపించిన ఏజెంటు చాలా మంచి మనిషి. ఈ పేట మంచిదేనా, ఇక్కడ ఎలాంటివాళ్లు ఉంటారు అని అల్లుడు ఎన్ని రకాలుగా అడిగినా ఆవిడ నవ్వి ఊరుకునేది. 1968 నాటి గృహ చట్టం ప్రకారం జాతిని బట్టి కొనేవాళ్లని ఒక పేటకి మళ్లించడం చట్టవిరుద్ధం, అందుకని ఏజెంట్లు ఆ ప్రశ్నకి నోరు విప్పరు. ఆవిడ చెప్పనిది మనవాళ్ల వాట్సాప్ గ్రూపు చెప్పింది. సాయంత్రానికి పద్దెనిమిది మెసేజులు. 'ఆ ఏరియా వద్దు బ్రో', 'డౌన్‌టౌన్ వైపు అస్సలు చూడకండి', 'హూవర్ వచ్చేయండి, అందరూ మనవాళ్లే'. ఆ మెసేజుల్లో ఎక్కడా జాతి అనే మాట లేదు. చట్టం ఏజెంటు నోరు కట్టింది గానీ బంధుమిత్రుల నోరు కట్టలేదు.

'అందరూ మనవాళ్లే' అన్న ఆ చివరి మెసేజు దగ్గర నాకు గొంతు పట్టుకుంది. మేము కాకినాడలో స్థలం కొన్నప్పుడు మధ్యవర్తి అన్నదీ అచ్చంగా అదే. "కాలనీలో అందరూ మనవాళ్లేనమ్మా." ఎవరు కాదో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. గజానికి కొంచెం ఎక్కువే ఇచ్చి కొన్నాం. అందుకని అలబామా గురించి తీర్పు చెప్పే అర్హత నాకు ఎంతుందో నాకే అనుమానం.

హూవర్ గురించి రెండు మాటలు చాలు. కొత్త ఇళ్లు, పెద్ద గరాజులు, బంతిపూల మొక్కకి కూడా కాలనీ సంఘం అనుమతి. పెల్హామ్‌లోని గుడికి దగ్గర. కరివేపాకు ఎవరింట్లోనైనా దొరుకుతుంది. ఉగాదికి మామిడి పిందెలు ఎవరో ఎక్కడి నుంచో తెస్తారు. ఆ సుఖం నేను చులకన చెయ్యను, మొదటి ప్రసవానికి అమ్మ దగ్గర లేని పిల్లలకి దాని విలువ తెలుసు. కానీ అక్కడ నడక లేదు. పాల ప్యాకెట్టుకి కూడా కారు తియ్యాలి. బడి పేరు చూసి జనం ఎగబడి వెళ్లిన ఆ ఊళ్లోనే 2013లో బడి బస్సులు ఎత్తేస్తామని తీర్మానం చేశారు. గొడవైతే కొన్ని నెలలకి వెనక్కి తీసుకున్నారు. కారు నడపలేని అమ్మమ్మని అక్కడ పెడితే కిటికీ దగ్గర కుండీలో మొక్క అయిపోతుంది. ఈ ఒక్క విషయంలో నా స్వార్థం ఒప్పుకుంటాను.

వాస్తు కూడా వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. అల్లుడి నాన్నగారు తణుకు నుంచి ఫోను చేసి తూర్పు ముఖం అన్నారు. ఆయనకి తెలియని సంగతేమిటంటే ఈ లోయా, కొండా, రైలుపట్టాలూ అన్నీ ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతాయి. నగరం నడిబొడ్డు వీధులు పట్టాలని అనుసరించి గీశారు. శాస్త్రం లెక్కన మూడొంతుల ఊరు విదిక్కు. అల్లుడు దిక్సూచి ఫోనులో పెట్టుకుని రెండు ఆదివారాలు తిరిగి, చివరికి "నాన్నా, ఇక్కడ సూర్యుడే కొంచెం పక్కకి పొడుస్తాడు" అని చెప్పి గండం గడిపాడు. దానికంటే నిజమైన వాస్తు టోర్నడో. వసంతంలో సైరన్ మోగితే దిగి కూర్చోవడానికి నేల కింద గది ఉందా లేదా అన్నది కొండ వాలు ఇళ్లలో మొదట అడగాల్సిన ప్రశ్న.

నేను ఎవరూ చూపించని మూడో వీధి కూడా చూశాను. నగరానికి పడమటన స్మిత్‌ఫీల్డ్, అందులో సెంటర్ స్ట్రీట్. ఆస్పత్రికి దగ్గరే. వసారాలున్న పాత ఇళ్లే, నిలువెత్తు చెట్లే. ఆ వీధే ఒకప్పటి జోనింగ్ గీత. ఒకవైపు తెల్లవాళ్లకి, రెండోవైపు నల్లవాళ్లకి. మేరీ మీన్స్ మంక్ అనే నల్లజాతి మహిళ గీతకి అటువైపు ఇల్లు కట్టుకుని నగరం మీద కోర్టుకెళ్లి 1950 డిసెంబరులో గెలిచింది. ఆ డిసెంబరులోనే ఆమె ఇంటి మీద బాంబు పడింది. పౌరహక్కుల లాయరు ఆర్థర్ షోర్స్ ఇంటి మీద 1963లో రెండు వారాల తేడాతో రెండుసార్లు. 1947 నుంచి రెండు దశాబ్దాల్లో ఊళ్లో పేలిన బాంబులు యాభై దాకా ఉంటాయి. ఆ మిట్టకి డైనమైట్ హిల్ అని పేరు. నా ఇద్దరు అక్కాచెల్లెళ్ల పోలిక ఆ వీధిలో నిలబడితే కొంచెం పలచబడింది. ఇల్లు కొనడానికి ధైర్యం కావలసిన వీధి అది. మేము తూచుకుంటున్నది మార్కులు, రైలు కూతలు.

ఎడ్జ్‌వుడ్‌ని దీనికి పూర్తిగా ఎదుటివైపు నిలబెట్టడమూ న్యాయం కాదు. హోమ్‌వుడ్‌లో కలిసిన మూడు ఊళ్లలో రోజ్‌డేల్ నల్లవాళ్ల ఊరు. పెద్ద రోడ్లు వేసినప్పుడు దాన్నే కోసుకుంటూ వేశారు. మిగిలిన నాలుగు వీధులూ ఇప్పటికీ హోమ్‌వుడ్ లోపలే ఉన్నాయి, అక్కడి పిల్లలూ అదే హోమ్‌వుడ్ హైస్కూలుకి వెళ్తారు. అవతల బడుల్లో అన్ని రంగుల పిల్లలూ కలిసి కనిపించేది హోమ్‌వుడ్‌లో అని అమ్మాయి సహోద్యోగి ఒకావిడ చెప్పింది. ఆవిడ నల్లజాతి డాక్టరు, పిల్లల్ని అక్కడే చదివిస్తోంది. ఆ మాటే అమ్మాయికి తూకం వాల్చింది.

నన్నడిగితే క్రెస్ట్‌వుడ్. నన్నెవరూ అడగలేదు, అడక్కపోవడమే సరి. నేను ఆరు నెలలకి విమానం ఎక్కేదాన్ని, నా ఓటులో మనవరాలి పన్నెండేళ్ల చదువు లేదు. ఎడ్జ్‌వుడ్‌లో రెండు పడగ్గదుల ఇల్లు, ఇవతల క్రెస్ట్‌వుడ్‌లో వచ్చే మూడు పడగ్గదుల ఇంటి ధరకి కొన్నారు. కరెంటు పొయ్యి మీద పాలు పొంగించాం. పొగ వస్తే అలారం మోగుతుందని సాంబ్రాణి వసారాలో వేశాం. ఎదురింటావిడ పెకాన్ పై పట్టుకొచ్చి ఏమిటా సువాసన అని అడిగింది.

కొండ దాటి వచ్చినవాళ్లలో ఎందరో పొద్దున్నే మళ్లీ కొండ దాటి వెనక్కి వెళ్తారు. నగరంలో పనిచేసేవాళ్లు ఎక్కడ కాపురమున్నా జీతంలో నూటికి రూపాయి చొప్పున బర్మింగ్‌హామ్‌కి పన్ను కట్టాలి. మా అమ్మాయీ కడుతుంది. నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం మనవరాలూ నేనూ పద్దెనిమిదో వీధిలో ఐస్‌క్రీమ్‌కి వెళ్లాం. తలెత్తితే కొండ మీద వల్కన్, వెనక నుంచి, దీపాల వెలుగులో, ఏ దాపరికమూ లేకుండా.

"అమ్మమ్మా, ఆ దేవుడు మనవైపు చూడడా?" అంది వచ్చీరాని తెలుగులో.

"ఆయనకి అటువైపు పనుందమ్మా" అన్నాను.